వంకీ పక్కన తొట్టి: చెన్నైలో అమ్మతో మూడు రోజులు

ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కగానే అమ్మ చేతిలో పెట్టిన నీళ్ళ సీసా సూళ్ళూరుపేట వచ్చినా నిండుగానే ఉంది. మూత సీలు కూడా ఊడలేదు. మే నెల, కిటికీలోంచి వడగాలి కొడుతోంది. "కాస్త తాగమ్మా" అంటే, "తాగితే దిగాక ఎక్కడికి పోతామే? ఊరు కాని ఊరు, భాష కాని భాష" అంది.

అమ్మకి 64 ఏళ్ళు. షుగర్ వచ్చి 12 ఏళ్ళయింది. రెటీనా పరీక్ష చేయించి, పనిలో పనిగా మా చెల్లి పెళ్ళి చీరలు కూడా కొనుక్కొద్దామని చెన్నై బయలుదేరాం. షుగర్ ఎక్కువగా ఉంటే రక్తంలో మిగిలిపోయిన చక్కెరని కిడ్నీలు నీళ్ళతో కలిపి బయటికి పంపుతాయి, అందుకే మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంది. పైగా అమ్మ వేసుకునే డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర చేసే పనే చక్కెరని మూత్రంలోకి తోసెయ్యడం. అంటే అమ్మ ఒంటికి మనకంటే ఎక్కువ నీళ్ళు కావాలి. కానీ ప్రయాణం అనుకున్న ముందు రోజు రాత్రి నుంచే నీళ్ళు మానేస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్ళందరిదీ ఇదే అలవాటు. బస్సెక్కితే గొంతు తడుపుకుంటారు, అంతే. పోయిన ఏడాది తిరుపతి వెళ్ళొచ్చాక యూరిన్ ఇన్ఫెక్షన్‌తో అమ్మ వారం రోజులు మంచం మీదే ఉంది. అందుకే ఈసారి ఏం చూడాలి, ఎక్కడ తినాలి అన్నవి తర్వాత, ముందు ఎక్కడెక్కడ టాయిలెట్ ఉందో చూసుకోవాలి అనుకున్నాను.

మొదటి రోజు ఇబ్బంది లేకుండానే గడిచింది. సెంట్రల్‌లో దిగి, ఎదురుగా నేల కిందున్న మెట్రో స్టేషన్‌లోకి దిగాం. టాయిలెట్ శుభ్రంగా ఉంది, కమోడ్ ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు కాబట్టి కమోడ్ ఉందా లేదా అన్నది మాకు పెద్ద విషయం. చెన్నైలో మెట్రో 2015లో మొదలైంది. సెంట్రల్‌లో దిగిన ఆ రోజు నుంచి నాకు మెట్రో మ్యాపే టాయిలెట్ల మ్యాపు కూడా అయింది. ఎటు వెళ్ళాలన్నా ముందు దగ్గర్లో మెట్రో స్టేషన్ ఏదో చూసుకునేదాన్ని.

మర్నాడు కళ్ళ ఆసుపత్రి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేశారు. అవి పడ్డాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ సూదుల్లా గుచ్చుతుంది. పరీక్ష అయిపోయింది, రెటీనా పర్లేదన్నారు, ఆ సంతోషంలో బయటికొచ్చాం. నేను రోడ్డవతల మందుల షాపు దగ్గర లైన్లో నిలబడ్డాను. అమ్మ ఆపుకోలేక, నన్ను పిలవకుండా, రోడ్డు పక్కనున్న, డబ్బులిచ్చి వాడుకునే టాయిలెట్‌కి ఒక్కతే వెళ్ళింది.

రెండు గుమ్మాలు. గోడ మీద నీలం రంగుతో తమిళంలో రాతలు, వెలిసిపోయిన బొమ్మలు. మామూలు కళ్ళతో చూసినా ఆ బొమ్మల్లో ఎవరు ఆడో ఎవరు మగో తెలియదు, ఇక చుక్కలు వేసిన కళ్ళకి ఏం తెలుస్తుంది? కొబ్బరిబోండాలు కొడుతున్న అతన్ని సైగ చేసి అడిగింది. "మగళిర్ అంద పక్కం" అని అతను ఒక గుమ్మం చూపించాడు. 'మగ' అని వినబడగానే అమ్మ రెండో గుమ్మం వైపు తిరిగింది. లోపలి నుంచి వస్తున్న పెద్దాయన ఒకరు "ఆణ్‌గళ్ అమ్మా, ఆణ్‌గళ్" అన్నాడు. ఆడవాళ్ళదే అని చెబుతున్నాడు కాబోలు అనుకుని ఇంకో అడుగు వేసింది. అప్పుడు గోడకి నిలబడి ఉన్న మగవాళ్ళు కనిపించారు.

మందులు తీసుకుని వచ్చేసరికి అమ్మ వేపచెట్టు కింద, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఎండకి అనుకున్నాను. "వెళ్ళొచ్చావా?" అంటే "రాలేదులే" అంది. ఆటోలో ఒక్క మాట లేదు. లాడ్జి గదిలోకి రాగానే బాత్‌రూమ్‌లోకి పరుగెత్తింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. తడిసిన లంగా తనే ఉతుక్కుని, తనే పిండి ఆరేసుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. రాత్రి దీపం ఆర్పాక, గోడ వైపు తిరిగి పడుకుని జరిగిందంతా చెప్పింది.

నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ తీసుకుని ఆ రెండు మాటలూ చూశాను. తమిళంలో ఆణ్ అంటే మగ, ఆణ్‌గళ్ అంటే మగవాళ్ళు. మగళిర్ అంటే ఆడవాళ్ళు. మగన్ కొడుకు, మగళ్ కూతురు. ఆడవాళ్ళకి ఇంకో మాట పెణ్‌గళ్. మన చెవికి 'ఆ' అనగానే ఆడ, 'మగ' అనగానే మగ. సరిగ్గా తిరగబడ్డాయి. అమ్మ తప్పేం లేదు. తెలుగు చెవి ఉన్న ఎవరైనా ఆ గుమ్మంలోకే వెళ్ళేవాళ్ళు.

పొద్దున్నే ఆసుపత్రి ఫైలు అట్ట వెనక పెన్నుతో పెద్దగా రాసి చూపించాను. పెణ్‌గళ్ అన్న మాట తమిళంలో ఒక కొక్కెం లాంటి గుర్తుతో మొదలవుతుంది, దాని పక్కన పైకప్పు లేని పెట్టె లాంటి 'ప'. అమ్మ కాసేపు చూసి, "వంకీ పక్కన తొట్టి" అంది. మగళిర్‌లో మొదటి అక్షరం అదే తొట్టికి కుడి గోడ లోపలికి చుట్టుకుపోయినట్టు ఉంటుంది. "వంకీ లేని తొట్టి, మెలి తిరిగింది" అని అదీ గుర్తు పెట్టుకుంది. "బాత్‌రూమ్ ఎంగ ఇరుక్కు?" అన్నది నాలుగైదు సార్లు అనిపించాను. బాత్‌రూమ్ ఎక్కడుంది అని. దానికి "నేరా పోంగ" అంటే తిన్నగా వెళ్ళండి, "పూట్టి ఇరుక్కు" అంటే తాళం వేసి ఉంది, "తణ్ణి ఇల్ల" అంటే నీళ్ళు లేవు. ఈ మూడూ తెలిస్తే చాలావరకు పని జరిగిపోతుంది.

మూడో రోజు టి. నగర్. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద వచ్చిన పేట, మధ్యలో 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా పేరు మీద పార్కు. ఇద్దరూ తెలుగువాళ్ళే అని చెబితే అమ్మ ముఖం కాస్త తేటపడింది. పెద్ద చీరల షాపులో అడుగు పెట్టగానే "రండమ్మా, కంచిపట్టు చూపించమంటారా?" అని తెలుగే. ఆ అమ్మాయిది నగరి అట. అమ్మ చీరల సంగతి ఎత్తకుండా ముందు బాత్‌రూమ్ అడిగింది. ఆ అమ్మాయి ఏమీ అనుకోకుండా చెయ్యి పట్టుకుని లిఫ్టులో పై అంతస్తుకి తీసుకెళ్ళింది. గడియ పడుతుంది, నీళ్ళు వస్తున్నాయి, తలుపు వెనక బ్యాగు తగిలించుకోడానికి కొక్కెం ఉంది. ఆ కొక్కెం లేక ఎన్ని చోట్ల బ్యాగు పళ్ళతో పట్టుకున్నామో ఆడవాళ్ళకి తెలుసు. తిరిగొచ్చి అమ్మ పరుపు మీద కూర్చుని రెండు గంటలు చీరలు విప్పించింది. తొందర లేదు, ఆ చీరా ఈ చీరా పక్కపక్కన పెట్టి పోల్చింది, రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. అమ్మని ప్రయాణంలో అంత నెమ్మదిగా నేను ఎప్పుడూ చూడలేదు.

అక్కడి నుంచి రంగనాథన్ వీధిలో జాకెట్ ముక్కల కోసం ఒక చిన్న కొట్టుకి వెళ్ళాం. అక్కడా అడిగింది. కొట్లో పని చేసే ఆమె తల అడ్డంగా ఊపింది. "మాకే లేదమ్మా. రెండు వీధులు దాటి పోవాలి. అందుకే నీళ్ళు తక్కువ తాగుతాం." పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ. కొట్లలో పని చేసేవాళ్ళు కూర్చోడానికి సీట్లు ఉండాలని తమిళనాడులో 2021లో చట్టం తెచ్చారు. ఆమె వెనక ప్లాస్టిక్ స్టూలు ఉంది కూడా. కానీ నీళ్ళు తాగలేని మనిషికి స్టూలు ఒక్కటీ ఏం సరిపోతుంది? అమ్మ, ఆమె ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు.

మా మరిది జర్మనీలో ఉంటాడు. అక్కడ ఆలెన్ అనే ఊళ్ళో 2000లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. పేరు 'నెట్టె టాయిలెట్టె'. హోటళ్ళు, కొట్లు తలుపు మీద ఒక స్టిక్కర్ అంటిస్తాయి. అది కనబడితే ఏమీ కొనకపోయినా లోపలికి వెళ్ళి టాయిలెట్ వాడుకోవచ్చు. శుభ్రం చేసే ఖర్చుకి మున్సిపాలిటీ ఆ కొట్టుకి డబ్బులిస్తుంది. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉంది. అంత పెద్ద షాపులున్న టి. నగర్‌లో ఇలాంటిది పెట్టడం కష్టమేమీ కాదనిపించింది. కొత్త గోడలు కట్టక్కర్లేదు, ఉన్న తలుపులు తెరిస్తే చాలు.

సాయంత్రం మెరీనా. నీళ్ళ దాకా వెళ్ళాలంటే సుమారు 300 మీటర్ల ఇసుక దాటాలి, అందుకే రోడ్డు మీదే పని కానిచ్చుకుని ఇసుకలో దిగాం. అక్కడికి వెళ్ళే ముందు ఆగిన ఒక చోట మాత్రం నాకు మనసు మండింది. మగవాళ్ళు డబ్బులివ్వకుండా వెళ్ళిపోతున్నారు, ఆడవాళ్ళని పది రూపాయలు అడుగుతున్నారు. ఎందుకని అడిగితే డబ్బులు వసూలు చేసే అతను "లేడీస్‌కి తలుపు ఉంటుంది కదా" అన్నాడు. ముంబైలో ఇదే అన్యాయం మీద 2011లో 'రైట్ టు పీ' పేరుతో ఆడవాళ్ళు ఉద్యమమే నడిపారు. నేను పది రూపాయలూ ఇచ్చాను, ఇది తప్పు అని గట్టిగా చెప్పాను కూడా. వెనక నిలబడ్డ ఇద్దరు కాలేజీ అమ్మాయిలు తమిళంలో నాకు వంత పాడారు. వాళ్ళ దగ్గర అతను డబ్బులు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో సెంట్రల్‌లో అమ్మ నాకంటే ముందు నడిచింది. బోర్డు ముందు ఆగి, వేలితో గాలిలో వంకీ గీసి, తొట్టి గీసి, లోపలికి వెళ్ళిపోయింది.

రైలు గూడూరు దాటేసరికి సీసా ఖాళీ అయింది, ఇంకోటి కొన్నాం. మా ఎదురింటి పిన్ని వచ్చే నెల కళ్ళకి అదే ఆసుపత్రికి వెళ్ళాలి. అమ్మ ఫైలు అట్ట చించి నా చేతికిచ్చింది. "ఈ బొమ్మ కింద తెలుగులో రాయవే, 'మగళిర్ అంటే మనమే' అని. పెద్దక్షరాలతో రాయి, దానికీ చుక్కలు వేస్తారు కదా."