యేసయ్య అమ్మమ్మ గుడికి పిల్లల్ని తీసుకెళ్లేముందు

యానాంలోని పునీత అన్నమ్మ దేవాలయాన్ని విదేశాల్లో పెరిగే మన పిల్లలకు "ఫ్రెంచివాళ్లు కట్టిన చర్చి" అని పరిచయం చేస్తే పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. 1846 నాటి కట్టడమంటే మనకు గొప్ప గానీ, ఐరోపాలో పెరిగే పిల్లకు అంతకంటే పాత గుడి బడికి వెళ్లే దారిలోనే ఉంటుంది. "అన్నమ్మ అంటే మరియమ్మ తల్లి, యేసయ్యకు అమ్మమ్మ" అని మొదలుపెట్టండి. సెలవులకు అమ్మమ్మ ఊరొచ్చిన పిల్లకు ఇది చప్పున అందుతుంది. అన్నమ్మ పండుగ జూలై 26, అంటే చాలా దేశాల్లో వేసవి సెలవుల మధ్యే. ఆ రోజే యేసయ్య తాతయ్యనూ తలుచుకుంటారు. బాప్టిస్టు, లూథరన్ కుటుంబాల నుంచి వచ్చిన బావలో వదినలో "అన్నమ్మ పేరు బైబిల్లో ఎక్కడుంది?" అని పిల్లను ఆటపట్టించొచ్చు. లేదు. ఆ పేరు తొలి క్రైస్తవుల సంప్రదాయం నుంచి వచ్చింది. ఆ మాట ముందే చెప్పి ఉంచితే పిల్ల తడబడదు.

దారి కష్టమేం కాదు. కాకినాడ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. అమలాపురం వైపు నుంచైతే ముమ్మిడివరం మీదుగా వచ్చి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటాలి. వారధి లేని రోజుల్లో పంటు మీద గోదావరి దాటేవాళ్లని అమ్మమ్మ చేత చెప్పించండి, మనం చెప్తే పాఠంలా ఉంటుంది. ఆటో అబ్బాయిని "ఆర్సీఎం చర్చి" అని అడగండి, ఇక్కడ క్యాథలిక్ గుడికి జనం వాడే పేరదే. మందు చవకని చుట్టుపక్కల నుంచి యానాం వచ్చే రద్దీ వేరే ఉంటుంది. కాబట్టి కారు నడిపే మావయ్యను పొద్దున్నే బయల్దేరదీసి, పూజ అవ్వగానే వెనక్కి తిప్పడం మేలు.

పిల్లలు నిజంగా పట్టుకునేది పేర్లని. గుడిలోనూ, సమాధుల మీదా, బంధువుల్లోనూ వినపడే పేర్లను ఒక కాగితం మీద రాయించండి. రాయప్ప అంటే పేతురు, ఎందుకంటే పేతురంటేనే రాయి. చిన్నప్ప అంటే పౌలు, లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడు. ఇన్నయ్య, ఇన్నాసి అంటే ఇగ్నేషియస్. శౌరి, శౌరయ్య అంటే జేవియర్. జోజి అంటే జోసెఫ్. లూర్దమ్మ పేరు ఫ్రాన్స్‌లోని ఊరి నుంచి వచ్చింది. తన బడిలో పీటర్, పాల్ ఉన్న పిల్లకు తన ముత్తాత చిన్నప్ప కూడా ఒక పాల్ అని తెలిస్తే, ఇక ఆ పేరుకు నవ్వదు.

రెండోది జపాలు. బయల్దేరే నెల ముందు నుంచి పడుకునేటప్పుడు రోజుకో వాక్యం చొప్పున నేర్పండి. "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడునుగాక" అన్నచోట "మీ" గమనించమనండి. ప్రొటెస్టెంట్ల తెలుగులో ఇదే చోట "నీ నామము" అంటారు. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము, ఏలినవారు మీతో ఉన్నారు" అన్నప్పుడు మరియమ్మనూ మీరనే అంటాం. ఇంగ్లీషులో అందరినీ ఒకే మాటతో పిలిచే పిల్లలు తాతయ్యను "నువ్వు" అనేసి ఇంట్లో మాట పడేది ఇక్కడే. ఈ తేడా చెవికి పట్టించడానికి జపం కంటే మంచి సాధన నాకైతే కనపడలేదు, ఎందుకంటే రోజూ అనే మాటకు సవరణ అక్కర్లేదు.

పూజ భాష తెలుగే. ఆదివారం చదివే బైబిలు పఠనాలు మాత్రం ప్రపంచమంతటా సాధారణంగా ఒకటే, మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. ముందురోజు రాత్రి ఇంగ్లీషులో చదివిస్తే, మర్నాడు తెలుగులో వింటూ పేర్లు పట్టుకుంటూ కథ కలుపుకుంటారు. పూజకు గంటన్నరయినా పట్టొచ్చనుకుని సిద్ధం చేయండి. చాలామంది నేల మీదే కూర్చుంటారు. కుర్చీకి అలవాటైన పిల్లలకు పావుగంటలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి, కాబట్టి ఇంటి దగ్గర నెలరోజులు అన్నం నేల మీద పెట్టండి. చెప్పులు బయటే. జూలై ఉక్కలో బిగుతు జీన్సు వద్దు, వదులు నూలు బట్టలు చాలు. ఆడపిల్లకు ఒక చున్నీ ఉంచండి, తలమీద వేసుకోవడం ఇక్కడ మామూలు. మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు కూర్చునే చోట, చిన్నపిల్లకు ఆ సంగతి ముందే చెప్పకపోతే నాన్న కనపడలేదని ఏడుస్తుంది.

"అక్కడ ఇలా చెయ్యం కదా" అన్న ప్రశ్న తప్పదు. భారతదేశపు పూజకు 1969లో రోమ్ పన్నెండు మార్పులకు అనుమతిచ్చింది. చెప్పులు విప్పడం, నేల మీద కూర్చోవడం, మోకరించే బదులు చేతులు జోడించి వంగడం, దీపం, హారతి అందులోవే. పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకునే చోట కరచాలనం ఉండదు, చేతులు జోడిస్తారు. పిల్ల చెయ్యి చాపి గాలిలో ఉంచేస్తే ఇబ్బందే.

దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే గోధుమ అప్పం, దగ్గర జాగ్రత్త. అక్కడ చేతిలో తీసుకునే పిల్ల, ఇక్కడ నాలుక మీద ఇచ్చేచోట తికమక పడుతుంది, ముందున్నవాళ్లను చూసి చెయ్యమనండి. గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లూ మందులూ ఫరవాలేదు. గోధుమ పడని పిల్లయితే ముందురోజే గురువుగారితో మాట్లాడాలి, వరుసలో నిలబడ్డాక అడిగితే ఆయన చేసేదేం ఉండదు. భార్యాభర్తల్లో ఒకరు హిందువైతే కూర్చునే ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడిలా చేతులు ఛాతీకి కట్టుకుని ఆశీర్వాదానికి వెళ్తే మాత్రం అందరికీ అర్థం కాకపోవచ్చు. కానుకకు పదీ ఇరవై నోట్లు పిల్లల జేబులోనే పెట్టండి.

జ్ఞానస్నానం ఇక్కడే ఇప్పించాలనుకునేవాళ్లు ముందు తాముండే ఊరి విచారణ (పారిష్) గురువు నుంచి అనుమతి లేఖ తెచ్చుకోవాలి. జ్ఞానతండ్రికి, జ్ఞానతల్లికి (గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్) మామూలుగా పదహారేళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది ఉండాలి. సొంత తల్లిదండ్రులు ఆ పాత్రకు పనికిరారు. టిక్కెట్లు కొన్నాక ఈ లేఖ గుర్తొచ్చి ఆదరాబాదరా ఫోన్లు చేసేవాళ్లే ఎక్కువ.

ముత్తాతల జ్ఞానస్నాన వివరాలు వెతకాలంటే పేరు, తల్లిదండ్రుల పేర్లు, సుమారు సంవత్సరం రాసుకుని, ఆదివారం కాకుండా మామూలు రోజున విచారణ గురువును కలవండి. ఆదివారం ఆయనకు తీరికుండదు. పెళ్లి, అభ్యంగనం వివరాలు కూడా ఆ పేరు దగ్గరే రాసి ఉంచడం విచారణల పద్ధతి, కాబట్టి ఒక పేరు దొరికితే రెండో పేరూ దొరకొచ్చు. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది గనక, అప్పటి సర్కారు జనన మరణ నమోదులు ఫ్రెంచిలో ఉంటాయి. ఫ్రాన్స్ విదేశీ భూభాగాల జాతీయ ఆర్కైవ్స్ వాటిలో పాతవాటిని ఆన్‌లైన్లో పెట్టింది. పేరు ఒకే రూపంలో దొరుకుతుందని ఎదురుచూడొద్దు. ఇంట్లో రాయప్ప అని పిలిచిన మనిషి లాటిన్‌లో పెత్రుస్, ఫ్రెంచిలో పియేర్ కావచ్చు. పిల్లల దగ్గరున్న కాగితం ఇప్పుడు మనకు పనికొస్తుంది.