దర్వాజా మంట దాకా నా ప్రయాణం

1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే గ్యాస్ బావి అదుపు తప్పి ఎగదన్ని మండడం, జరిగినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా ఊరికి అది దగ్గరే. రాత్రిళ్లు ఆ వెలుగుకి పెరట్లో కొబ్బరి చెట్ల నీడలు పడేవి. మోతకి చెల్లి ఉలిక్కిపడి లేస్తుంటే అమ్మ దాని చెవులు రెండూ అరచేతులతో మూసి పడుకోబెట్టేది. 65 రోజులు మండింది ఆ బావి.

అందుకేనేమో, తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలో దర్వాజా అనే చోట ఒక గ్యాస్ గొయ్యి దశాబ్దాలుగా మండుతోందని తెలిసినప్పటి నుంచి దాన్ని చూడాలనే ఉండేది. 2022 జనవరిలో ఆ దేశాధ్యక్షుడు దాన్ని ఆర్పే దారి చూడమని ఆదేశించారని చదివాక టెన్షన్ మొదలైంది. ఇంకా ఆలస్యం చేస్తే చూడలేనేమో అనిపించింది.

అసలు కష్టమంతా వీసాతోనే. నేను వెళ్లిన 2024లో ఇన్విటేషన్ లెటర్ లేకుండా టూరిస్టు వీసా వచ్చేది కాదు. అక్కడి ట్రావెల్ ఏజెన్సీ మన తరఫున అప్లై చేస్తే వాళ్ల ప్రభుత్వం ఒప్పుకోవాల్సి ఉండేది. నేను దుబాయ్‌లో ఉద్యోగం చేస్తాను. పాస్‌పోర్టు కాపీ, ఫొటో, ఉద్యోగం వివరాలు పంపి మూడు వారాలకు పైగా ఎదురుచూశాను. లెటర్ వచ్చేదాకా టికెట్ కొనలేదు, మీరూ కొనకండి. వీసా రాజధాని అష్గాబాత్ విమానాశ్రయంలో దిగాక ఇచ్చారు, ఫీజు డాలర్లలో నగదుగా కట్టాను.

అష్గాబాత్ నుంచి ఉత్తరంగా సుమారు 260 కిలోమీటర్లు, కారకుమ్ ఎడారి మీదుగా. రోడ్డు గుంతలమయం. మధ్యలో ఒంటెలు అడ్డం వస్తే ఆగాల్సిందే. దర్వాజా అంటే వాళ్ల భాషలోనూ ద్వారమేనట. తెలంగాణలో గుమ్మాన్ని అనే మాటే అది! వినగానే ఎంత సంతోషమేసిందో.

చీకటి పడ్డాక చేరాం. గొయ్యి వెడల్పు దాదాపు 70 మీటర్లు, లోతు 30 దాకా ఉంటుంది. చుట్టూ కంచె ఉంది. గోడల పగుళ్లలో, అడుగున రాళ్ల సందుల్లో వందల మంటలు. కొన్ని దీపమంత, కొన్ని మనిషెత్తు. గాలి నా వైపు తిరిగిందంటే మొహం కాలిపోతుందేమో అనిపించేది, అటు తిరగ్గానే వీపు చలికి వణికేది. 1971లో సోవియట్ వాళ్లు తవ్వుతుంటే నేల కుంగిందని, విషవాయువు పాకకుండా నిప్పు పెడితే కొన్ని వారాల్లో ఆరిపోతుందనుకున్నారని అందరూ చెప్పే కథ. అక్కడి భూగర్భ శాస్త్రవేత్తలు కొందరు మాత్రం గొయ్యి 1960ల్లోనే పడిందనీ, మంట 1980ల్లో మొదలైందనీ అంటారట. 2013లో జార్జ్ కోరూనిస్ అనే కెనడా సాహసయాత్రికుడు వేడిని తట్టుకునే సూట్ వేసుకుని అడుగుదాకా దిగి మట్టి తీసుకొస్తే, అందులో బ్యాక్టీరియా బతికే ఉంది. ఆ నిప్పుల గుంటను కళ్లారా చూశాక ఆ మాట ఇంకా నమ్మశక్యం కాలేదు.

కానీ నన్ను కట్టిపడేసింది మంట కాదు, మోత. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా వచ్చే ఆ హోరు. కళ్లు మూసుకుంటే మా పెరట్లోనే ఉన్నాను. ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసుకున్నాను.

నేను వెళ్లింది 2024 అక్టోబర్‌లో. మరుసటి ఏడాది జూన్‌లో, చుట్టూ బావులు తవ్వి గ్యాస్ లాగేయడంతో మంట మూడో వంతుకు తగ్గిందని అక్కడి అధికారులు ప్రకటించారు.

అక్కడ వాట్సాప్ పనిచేయదు. దుబాయ్ తిరిగొచ్చాకే అమ్మకి ఆ రికార్డింగ్ పంపాను. ఎక్కడిదో చెప్పలేదు. పది నిమిషాలకి ఫోన్ చేసింది.

"ఒరేయ్, పాశర్లపూడి మోత నీకెక్కడ దొరికిందిరా?"