హుద్‌హుద్ మిగిల్చిన పొడి

2014 అక్టోబర్ 12న వైజాగ్‌కి హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా కప్పులు, చెట్లు చూసుకుంటుంటే నా టెన్షన్ ఒక కేడీపీ క్రిస్టల్ గురించి. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్. నీళ్ల తొట్టెలో వేడి అటూ ఇటూ కదలకుండా చూసుకుంటూ ఏడు వారాలుగా పెంచుతున్నాను. కరెంటు పోయింది. ఎన్ని రోజులు పోయిందో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. ల్యాబ్‌కి వెళ్లేసరికి ద్రావణం చల్లబడి, బీకరు అడుగునంతా పటికబెల్లం నలుసుల్లాంటి ముక్కలు. వాటి మధ్య నాది, పాలలా తెల్లబడి, పగిలి.

"ఇళ్లు కూలినవాళ్లున్నారు, నువ్వు ఉప్పురాయి కోసం ఏడుస్తావేంటే?" అంది అమ్మ.

ఉప్పురాయే. కానీ వంటింటి ఉప్పు ఈ పని చెయ్యదు. కంటికి కనబడని 1064 నానోమీటర్ల లేజర్ కాంతిని కేడీపీలోకి పంపితే, అందులో కొంత 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిగా మారి వస్తుంది. చిక్కల్లా ఆ రెండు కాంతులూ లోపల ఒకే వేగంతో నడవకపోవడం. ముందు పుట్టిన ఆకుపచ్చని తర్వాత పుట్టింది చెరిపేస్తుంది. గానుగెద్దులా ఎంత నడిచినా మొదలుపెట్టిన చోటికే. అందుకే రెండూ ఒకే వేగంతో నడిచేలా క్రిస్టల్‌ని సరైన కోణంలో కోయాలి. ఆ కోణం కోసమే నా ఏడు వారాలూ.

మా గైడ్ ఆ ముక్కల్ని చూసి, "కల్వంలో నూరమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నూరాను.

పొడిలో ఒక్కో రేణువు ఒక్కో దిక్కు చూస్తుంది. ఒక్కో రేణువులో పుట్టే ఆకుపచ్చని ఒక్కో అడుగు అనుకుంటే, గానుగెద్దు కాస్తా తాగుబోతు అవుతుంది. అడుగడుక్కీ దిక్కు మార్చే తాగుబోతు వంద అడుగులేస్తే, సగటున పది అడుగుల దూరం తేలతాడు. వెలుగు ఆ దూరానికి వర్గం, అంటే వంద. తిన్నగా నడిచేవాడిదైతే పదివేలు. తేడా పెద్దదే, కానీ తాగుబోతుకి కోణం అక్కర్లేదు. లేజర్ రంగు కాస్త మారినా పట్టింపు లేదు. 2004లో ఫ్రెంచ్ పరిశోధకులు జింక్ సెలినైడ్‌లో ఈ గజిబిజినే వాడుకుని పరారుణ కాంతి పుట్టించారు. పొడి మీద లేజర్ వేసి పదార్థాన్ని పరీక్షించే పద్ధతైతే 1968 నాటిది. నేను దాన్ని చదివాను కూడా. అయినా, పొడి అంటే చేతకానివాళ్ల పని అనే పొగరు మాకు.

సన్నటి గాజుగొట్టంలో పొడి నింపి, లైట్లు ఆర్పి, లేజర్ వేశాం. గొట్టం ఆకుపచ్చగా వెలిగింది. ఒక గీతలా కాదు, అన్ని వైపులా. గైడ్ గారి చొక్కా మీద కూడా పడింది.

ఆ గొట్టం ఇంకా నా డ్రాయర్‌లో ఉంది. మూత సరిగ్గా పెట్టలేదేమో, సముద్రపు తేమకి పొడి ముద్దకట్టేసింది.