ఆరా, నూరా?

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఇప్పుడే డాబా దిగి వచ్చాను. వేళ్లకు టంకం వాసన ఇంకా వదలలేదు.

హామ్ రేడియో లైసెన్సు, అంటే సొంత సెట్టుతో రేడియోలో మాట్లాడుకోవడానికి అనుమతి, చేతికొచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నేను రాసింది రిస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్ష, కాబట్టి నా కాల్‌సైన్, అంటే రేడియోలో నన్ను గుర్తించే పేరు, వీయూ3తో మొదలవుతుంది. జనరల్ గ్రేడు కావాలంటే నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్, అంటే చుక్కలూ గీతల భాష, కూడా రావాలి. అది వచ్చే ఏటి సంగతి. పరీక్ష గదిలో నా పక్కన ఏడో తరగతి పిల్లవాడు కూర్చున్నాడు. ఈ పరీక్షకు పన్నెండేళ్లు నిండితే చాలు. నాకు నలభై మూడు. ఇన్నేళ్లూ ఈ లోకం ఒకటుందని తెలియకుండా గడిపానే అని ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

నిన్న ఆఫీసు కాగానే తిన్నగా కోఠీ వెళ్లి, గుజరాతీ గల్లీలో కేబుల్, కనెక్టర్లు కొన్నాను. రాగి తీగ ఇంట్లోనే ఉంది, వైరింగ్ చేయించినప్పుడు మిగిలినది. యాంటెనా లెక్క చిన్నదే. 143ను మెగాహెర్ట్జ్‌ల సంఖ్యతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. మేము మాట్లాడుకునేది 145 దగ్గర కాబట్టి దాదాపు 99 సెంటీమీటర్లు, అందులో సగం పైకి, సగం కిందికి. కత్తిరించిన తీగ మళ్లీ అతకదని ఒక్కో ముక్కా 52 సెంటీమీటర్లు ఉంచి, ప్లాస్టిక్ గొట్టానికి కట్టి, కేబుల్ నడిమి తీగను పై ముక్కకూ, చుట్టూ ఉండే అల్లికను కింది ముక్కకూ టంకం పెట్టాను. పంపిన శక్తిలో కొంత వెనక్కి తిరిగి వస్తుంటే చెప్పే మీటరు ఒకటుంది. మాస్టారు అరువిచ్చారు. ముల్లు ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. మొదట 2.1 చూపించింది. రెండు కొసలూ అర సెంటీమీటరు చొప్పున కోస్తూ పోయాను. 1.8, 1.6, 1.4. ముల్లు 1.2 దగ్గర నిలబడేసరికి సాయంత్రం ఐదు దాటింది, నీళ్ల ట్యాంకు నీడ డాబా చివరిదాకా పాకింది. అంతసేపూ నాకు దాహం వేసిన సంగతే తెలియలేదు.

మాస్టారు తార్నాకలో ఉంటారు. తంతి ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవలు ఆగిపోయిన రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఆయన హాజరు పిలుస్తారు, మేం ఆరుగురం పలుకుతాం. అందిన మాటను ఇంకా దూరం పంపే రిపీటర్ యంత్రం సాయం లేకుండా, సెట్టు నుంచి సెట్టుకు నేరుగా. కొండ మీది రిపీటరుకూ కరెంటు కావాలి కదా, అదీ పోయిన రోజున ఎవరికి ఎవరు వినిపిస్తారో ఇప్పుడే తెలిసి ఉండాలని ఆయన పట్టుదల.

ఇవాళ అభ్యాస సందేశం ఘట్‌కేసర్ నుంచి వచ్చింది. చేతి సెట్టు, ఐదు వాట్లు. మాస్టారికి బొత్తిగా వినిపించలేదు. మాది నాలుగంతస్తుల డాబా కావడంతో, మల్కాజిగిరిలో నాకు గరగరల మధ్య అందింది. మధ్యలో ఉండి అందించే పని మొదటిసారి నా చేతికొచ్చింది. గుండె దడదడలాడింది. "ఇది అభ్యాసం మాత్రమే. సహాయ శిబిరానికి ఇన్సులిన్ సీసాలు..." తర్వాతి మాట సగం గరగరలో కలిసిపోయింది. నాకు "నూరు" అని వినబడింది. అదే రాసుకున్నాను, అదే చదివాను.

"అంకెలు విడివిడిగా చెప్పించుకున్నారా అమ్మా?" అన్నారు మాస్టారు.

చెప్పించుకోలేదు. ఘట్‌కేసర్‌ను మళ్లీ అడిగాను. "ఆరు. ఒకే అంకె. ఐదు తర్వాతి ఆరు."

ఆరు, నూరు. నిజంగా అవసరం వచ్చిన రోజైతే ఒక శిబిరానికి నూరు చేరి, మరొక శిబిరానికి ఒక్కటీ మిగలకపోయేది. మాస్టారు కోప్పడలేదు. "ఇవాళే జరిగింది, మంచిదైంది" అని తర్వాతి హాజరుకు వెళ్లిపోయారు. చేతిలో ఫోనుండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు నేను జవాబుగా 2020 అక్టోబరు 13 రాత్రి సంగతే చెబుతాను. సరూర్‌నగర్‌లో అక్కవాళ్ల వీధి నడుం లోతు నీళ్లలో ఉంది. కరెంటు లేదు, తెల్లవారుజామున ఫోను కూడా మూగబోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా అక్క బతికి ఉందో లేదో నాకు తెలియదు. ఒక బ్యాటరీ, ఒక సెట్టు, డాబా మీద మీటరు పొడవు తీగ ఉంటే చాలునని ఆ రోజు నాకు చెప్పేవాళ్లు లేరు.

అండమాన్ కథ మాస్టారు చెప్పగా విన్నాను. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. పంపింది మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. వెళ్లింది సరదాకే. ఆ దీవుల నుంచి హామ్‌ల గొంతు వినబడటం అరుదు కనుక ప్రపంచమంతా వాళ్లను అందుకోవాలని ఆరాటపడింది. 26న సునామీ వచ్చింది. యాంటెనాలు అప్పటికే నిలబెట్టి ఉన్నాయి, రోజూ వందలమందిని విని చెవులు పదునెక్కి ఉన్నాయి. అదే సెట్టు ముందు కూర్చుని క్షేమ సమాచారాలు అందించారు. ఇవాళ నేను పొరబడ్డ తర్వాత ఆ చెవుల విలువ ఇంకాస్త తెలిసింది.

నోటు పుస్తకంలో నూరు కొట్టేసి, ఎర్ర సిరాతో 6 అని వేశాను. పక్కన "ఒకే అంకె" అని రాశాను.

పడుకునే ముందు అక్కకు ఫోను చేశాను. వచ్చే ఆదివారం సెట్టు తీసుకుని వాళ్ల డాబా ఎక్కుతానన్నాను. మధ్యలో ఎత్తైన అపార్ట్‌మెంట్లు ఎన్నో ఉన్నాయి, అక్కడి నుంచి తార్నాకకు వినిపిస్తుందో లేదో ఎక్కి చూడాల్సిందే. కేబుల్ ఇంకో ఐదు మీటర్లు కొనాలి. అక్క అంతా విని, "అయితే పులిహోర కలిపి ఉంచుతాను. మీ మాస్టారికి కూడా డబ్బాలో పెట్టిస్తాను, పట్టుకెళ్లు" అంది.