కడుపు తీయించుకోవడానికి మొగుడి సంతకం అడిగారు

రొయ్యలు ఒలిచే పనికి పోయే మా వీధి అమ్మాయికి తోడుగా ఒక సర్కారు ఆసుపత్రికి పోయొచ్చా. ఇద్దరు బిడ్డలు, చిన్నోడికి ఇంకా పాలు మాన్పించలా. మళ్లీ నెల తప్పింది, వద్దనుకుంది. మొగుడు బెంగళూరులో సెంట్రింగ్ పని. ఓపీ చీటీ, రక్త పరీక్ష, స్కానింగ్ తేలిగ్గానే అయ్యాయి. ఎనిమిది వారాలన్నారు.

ఆ తర్వాతే తంటా. "మీ ఆయన్ని పిలుచుకోని రా, సంతకం పెట్టాల" అందొక నర్సమ్మ. ఫోన్లో మాట్లాడిస్తామంటే కుదరదంది. పైగా, "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకుంటానంటేనే ఇది చేస్తాం." అంతా వరసలో ఉన్న జనం వినేట్టు. ఆ పిల్ల తలెత్తలా. ఇదే పనికి నేను ప్రైవేటుకు పోయినప్పుడు నా సంతకం తప్ప ఇంకేం అడగలా. డబ్బు కట్టేవాళ్లకొక చట్టం, కూలి పోగొట్టుకోని వచ్చేవాళ్లకొక చట్టమా?

కడుపు తీయించుకోవడం గురించిన 1971 నాటి ఎంటీపీ చట్టం, దానికి 2021లో చేసిన సవరణ అందరికీ ఒకటే. పద్దెనిమిదేళ్లు నిండితే ఫారం సి అనే ఒప్పుకోలు కాగితం మీద ఆమె సంతకం చాలు. పద్దెనిమిది నిండనివాళ్లకు, మతి స్థిమితం లేనివాళ్లకే సంరక్షకులు పెట్టాల. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. ఇంటివాళ్ల అంగీకారం లాంటి షరతులు పెట్టొద్దని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది, పెళ్లికాని వాళ్లకూ ఈ హక్కుందని కూడా. ఆమె వివరాలు బయటపెడితే ఏడాది దాకా జైలు. పిల్లల ఆపరేషన్‌కు వేరే కాగితం, ఆమె ఇష్టపడితేనే. దానికీ మొగుడి సంతకం అక్కర్లా.

గొంతు పెంచితే పని కాదు. డ్యూటీ డాక్టరమ్మ దగ్గరికి పోయి, "ఈ షరతులు కాగితం మీద రాసివ్వండి మేడమ్, సూపరింటెండెంటు గారికి చూపిస్తా" అన్నా. రాసివ్వలా. ఫారం సి వచ్చింది.

మాత్రలతో అయితే తొమ్మిది వారాల లోపే. ముందు మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, ఒకటి రెండు రోజులాగి మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు, అంటే 200వి నాలుగు. పదిహేను రోజులకు మళ్లీ చూపించుకోవాల, కడుపు పూర్తిగా పోయిందో లేదో అప్పుడే తేలేది. గంటకు రెండు ప్యాడ్లు చొప్పున రెండు గంటలు తడిసినా, జ్వరం తగ్గకపోయినా ఆగకుండా ఆసుపత్రికి పోవాల. రక్తం నెగటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగండి. పిండం ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రిలో ఇట్లా తరిమితేనే ఆడోళ్లు స్కానింగ్ లేకుండా మందుల షాపులో కొని మింగుతున్నారు.