కొత్త బ్రష్ కట్టర్ కొనే ముందు పాతదాని సైలెన్సర్ విప్పి చూడండి

బత్తాయి తోటలో గడ్డి మోకాలెత్తు లేచిన రోజే పాత బ్రష్ కట్టర్ మొరాయిస్తుంది. పదిసార్లు తాడు గుంజినా స్టార్ట్ కాదు. తెల్లారే నల్గొండకో మిర్యాలగూడకో పోయి కొత్తది తెచ్చుకుంటారు చాలామంది. తెచ్చుకోవచ్చు. కానీ పాతది దేనితో పోయిందో తెలుసుకోకుండా తెస్తే కొత్తది కూడా అదే జబ్బుతో మూలకు పడుతుంది. అరగంట పని, ఒక ఎలెన్ కీ, ఒక ప్లగ్గు పానా, ఒక టార్చిలైటు చాలు.

పాతది పెట్రోల్లో ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ మిషన్ అయితే, ముందు ప్లగ్గు తీయండి. తర్వాత సైలెన్సర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులు విప్పి పక్కన పెట్టండి. పొగ బయటికి పోయే రంధ్రం కనిపిస్తుంది. తాడు మెల్లగా గుంజుతూ ఆ రంధ్రంలోకి లైటు వేస్తే పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ కనిపిస్తుంది. దాని పక్క భాగం నున్నగా మెరుస్తుంటే ఇంజన్ గుండె బాగానే ఉన్నట్టు. పైనుంచి కిందికి గోరుకు తగిలే నిలువు గీతలుంటే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేసింది. టూ స్ట్రోక్ మిషన్లో దీనికి ప్రధాన కారణం పెట్రోల్లో ఆయిల్ చాలకపోవడం. రెండో కారణం ఎక్కడో గాలి లాగుతూ పెట్రోల్, గాలి మిశ్రమం పలచబడడం.

కార్బొరేటర్ కూడా ఊడదీసి అటువైపు నుంచి చూడండి. అక్కడ పిస్టన్ ఇసుక కాగితంతో రుద్దినట్టు మసకగా అరిగి, గాలి పోయే దారిలో ఎర్రటి పొడి కనిపిస్తే, అది మన చెల్క దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ చిరిగి ఉంటుంది, లేదా ఫిల్టర్ పెట్టకుండానే నడిపి ఉంటారు.

పిస్టన్ బాగుందా? అయితే కొత్త మిషన్ ఆలోచన కాసేపు ఆపండి. కార్బొరేటర్ లోపల పలచని పొర, డయాఫ్రం, ఉంటుంది. మెత్తగా గుడ్డలా వంగాలి. కాగితంలా పెళపెళలాడితే పోయినట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే రబ్బరు భాగాలను పాడు చేస్తుంది. డయాఫ్రం కిట్టు, పెట్రోల్ పైపు, ట్యాంకులోని చిన్న ఫిల్టర్, వేలితో నొక్కే బల్బు, ఈ నాలుగూ మార్చితే చాలా మిషన్లు మళ్లీ లేస్తాయి. సైలెన్సర్ మూతి దగ్గర జాలీ మసితో మూసుకుపోయినా బండి బరువుగా నడుస్తుంది. ఎలాగూ విప్పారు కాబట్టి దాన్ని కూడా గీకి శుభ్రం చేయండి.

గీతలు లోతుగా ఉండి, ఫ్లైవీల్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిపితే లూజు తగిలితే మాత్రం ఇక దాని మీద డబ్బు పెట్టొద్దు. బేరింగులు వదులైతే ఆయిల్ సీళ్లు కూడా పోయి ఉంటాయి. సీళ్ల దగ్గర గాలి లాగుతుంటే కొత్త పిస్టన్ వేసినా అది కూడా పట్టేస్తుంది. మెకానిక్ దగ్గర సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి ఉంటే పెట్టించండి. 90 పీఎస్ఐ దాటకపోతే మార్చే సమయం వచ్చినట్టే.

ఇక కొత్తది. దుకాణంలో అందరూ మొదట అడిగేది ‘ఎన్ని సీసీ?’ స్టిక్కర్ మీద 52 అని ఉంటే 52 అని నమ్మేయకండి. పేరులేని టూ స్ట్రోక్ మిషన్ల ఇంజన్ మీద 1ఈ40ఎఫ్, 1ఈ44ఎఫ్ అని నంబరు పోత పోసి ఉంటుంది. ‘ఈ’ తర్వాత ఉన్నది సిలిండర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. ఈ రెండు రకాల్లో సాధారణంగా పిస్టన్ నడక 34 మిల్లీమీటర్లు. లెక్క కడితే 40 వెడల్పుది 42.7 సీసీ, 44 వెడల్పుది 51.7 సీసీ. స్టిక్కర్ ఒకటి చెప్పి పోత నంబరు ఇంకోటి చెబితే పోత నంబరునే నమ్మండి.

బత్తాయి, నిమ్మ తోటలకు నా ఓటు 35 సీసీ ఫోర్ స్ట్రోక్‌కే. ధర ఎక్కువే, దాచేది లేదు. కానీ పెట్రోల్లో ఆయిల్ కలిపే పని ఉండదు, తాగేది తక్కువ, రోజంతా పొగ పీల్చాల్సిన బాధ తక్కువ. గెట్ల మీద తుమ్మ పిలకలు, ముదురు కంప నరకడమే ఎక్కువ పనైతే 52 సీసీ టూ స్ట్రోక్ బలం పనికొస్తుంది. చెట్ల మధ్య గడ్డికి అంత బలం అక్కర్లేదు. బత్తాయికి ఆహారం లాగే సన్న వేర్లు పైనున్న అడుగు మట్టిలోనే ఉంటాయి. రోటావేటర్ తిప్పితే అవి తెగుతాయి. అందుకే చెట్ల కింద దున్నే బదులు గడ్డిని కోసి అక్కడే పరచడం మేలు.

సబ్సిడీ మీద తీసుకోవాలనుకుంటే కొనకముందే రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) కలవండి. యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం లెక్క. బ్రష్ కట్టర్ ఆ ఏడు జాబితాలో ఉందో లేదో, ఏయే కంపెనీలవి ఉన్నాయో అక్కడే తేలుతుంది.

టూ స్ట్రోక్ నుంచి ఫోర్ స్ట్రోక్‌కు మారిన ఇంట్లో జరిగే పెద్ద ప్రమాదం డబ్బాల దగ్గర. పాత అలవాటుతో ఆయిల్ కలిపిన పెట్రోల్‌ను ఫోర్ స్ట్రోక్‌లో పోస్తే పొగ కక్కి ప్లగ్గు మసి పడుతుంది, అంతవరకే. ఉత్త పెట్రోల్‌ను టూ స్ట్రోక్‌లో పోస్తే కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ పట్టేస్తుంది. రెండూ ఇంట్లో ఉంటే డబ్బాల రంగులే వేరుగా ఉండాలి. కలిపే లెక్క మిషన్ పుస్తకంలో ఉన్నదే పాటించాలి. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 50:1 అంటే 20. సీసా మూతతో అంచనా వేయొద్దు, పిల్లల మందుతో వచ్చే కొలత గ్లాసు వాడండి. కలిపింది నెలకు మించి నిలవ పెట్టొద్దు. కిరాణా కొట్టులో సీసాల్లో అమ్మే పెట్రోల్ వద్దు, అది ఎన్నాళ్లదో తెలియదు.

ఫోర్ స్ట్రోక్‌కు ఉన్న అసలు బలహీనత ఆయిలే. 35 సీసీ ఇంజన్లో పట్టేది సుమారు 100 మిల్లీలీటర్లు, టీ గ్లాసెడు. అందులో 20 మిల్లీలీటర్లు తగ్గితే ఐదో వంతు పోయినట్టు. రోజూ స్టార్ట్ చేసే ముందు, మిషన్‌ను సమంగా పెట్టి, మూత తీసి చూడాలి. 10డబ్ల్యూ-30 ఆయిల్ సరిపోతుంది. మొదటి పది గంటలు నడిచాక ఆయిల్ మార్చండి. తీసిన ఆయిల్‌ను తెల్ల మూతలో పోసి ఎండలో వంచి చూస్తే వెండి పొడిలా సన్నటి మెరుపు కనిపిస్తుంది. కొత్త భాగాలు ఒకదానికొకటి ఒరుసుకున్న లోహం అది. మొదటిసారి కనిపిస్తే భయం లేదు, లోపలే వదిలేస్తేనే నష్టం. తర్వాత 50 గంటలకోసారి మార్చితే చాలు.

కత్తి విషయంలో రాళ్లున్న చెల్కలో నైలాన్ తాడే నయం. 2.4 నుంచి 3 మిల్లీమీటర్ల మందం తీసుకుని, చుట్టే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. మన ఎండలకు ఎండిన తాడు పెళుసై ముక్కలు ముక్కలుగా తెగుతుంది, నానితే సాగుతుంది. వయ్యారిభామ ముదిరిన చోట మూడు పళ్ల కత్తి వేయండి, పూత రాకముందే కోయండి. తుంగ మాత్రం ఎంత కోసినా గడ్డల నుంచి మళ్లీ లేస్తుంది, దానికి మిషన్‌ను తిట్టి లాభం లేదు.

కత్తి బిగించే నట్టు చాలా మిషన్లలో ఎడమ మరది. గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిప్పితే వదులవుతుంది. తెలియక బలమంతా పెట్టి ఎదురు తిప్పి మరలు చెడగొట్టిన గేర్ హెడ్డులు (పైపు చివర కత్తిని తిప్పే పళ్ల చక్రాల డబ్బాలు) మెకానిక్ కొట్లలో ఎన్నో పడి ఉంటాయి. గేర్ హెడ్డుకు పక్కనున్న స్క్రూ విప్పి 25 గంటలకోసారి గ్రీజు పెట్టండి. పని మధ్యలో అది చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే గ్రీజు అయిపోయింది. కత్తి కింద చుట్టుకున్న గడ్డి పీచును సాయంత్రమే కోసి తీసేయండి, లేకపోతే అది సీలును కోసుకుంటూ లోపలికి పోతుంది.

తడి గడ్డి ఇరుక్కుంటోందని గార్డు ఊడదీసి పక్కన పారేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. రాయి ఎగిరి కాలికి, కంటికి తగలడం ఒకటి. తాడును సరైన పొడవులో కోసే చిన్న బ్లేడు ఆ గార్డుకే ఉంటుంది. గార్డు లేకపోతే తాడు పొడవై ఇంజన్ మీద బరువు పడుతుంది, స్పీడు తగ్గి క్లచ్ సగం పట్టీ పట్టనట్టు జారుతూ కాలిపోతుంది. ‘కొత్త మిషన్‌కు బలం లేదు’ అనే ఫిర్యాదు వస్తే ముందు గార్డు ఉందో లేదో చూడాలి.

డ్రిప్ పైపులను కోసే ముందు చెట్టు వైపు జరిపి పెట్టుకోండి, 16 మిల్లీమీటర్ల పైపును నైలాన్ తాడు ఒక్క దెబ్బకు చీలుస్తుంది. చెట్టు మొదలు చుట్టూ మూరెడు మేర కొడవలితోనే కోయండి. బెరడుకు తాడు తగిలితే ఆ గాయంలోంచే బంక తెగులు ఎక్కుతుంది, పదేళ్లు పెంచిన చెట్టు పోతుంది.

పాతదాన్ని పాత ఇనుముకు వేసే ముందు కొత్తదాని పైపు కొలవండి. 26 మిల్లీమీటర్లా, 28 మిల్లీమీటర్లా అన్నది, లోపలి రాడ్డు కొనకు ఎన్ని పళ్లున్నాయన్నది కలిస్తే పాత గేర్ హెడ్డు కొత్తదానికి స్పేరుగా పనికొస్తుంది. భుజం బెల్టు, హ్యాండిల్ కూడా ఉంచుకోండి. ట్యాంకు ఖాళీ చేసి మిగతాది తూకానికి ఇచ్చేయొచ్చు.