సమయానికి తగని మాట

రాత్రి పదిన్నర. గొంతులో మిరియాల పాల ఘాటు ఇంకా అలాగే ఉంది. ఇవాళ పుష్య బహుళ పంచమి, త్యాగయ్య గారి ఆరాధన. పొద్దున మా కాలనీ రాముడి గుడిలో పంచరత్నాలు, అంటే నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు రాగాల్లో ఆయన కట్టిన అయిదు కీర్తనలు పాడాం. "పాడాం" అని బహువచనంలో రాస్తున్నాను కానీ, ఒక్కచోట మాత్రం ఏకవచనమే. అది రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

నాలుగున్నరకే లేచాను. ప్రసాదంలో పులిహోర నా వంతు. పులుసు రాత్రే ఉడికించి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. తాలింపు వేస్తూ గౌళ స్వరాలు మననం చేసుకుంటుంటే మా వారు వంటింట్లోకి తొంగి చూసి, "ముందు తాలింపు చూడు, మాడుతోంది. తాళం తరవాత" అన్నారు. నిజమే, ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి. వాటిని ఏరేసి మళ్ళీ వేశాను. ఇవాళ్టి రోజు ఎలా ఉండబోతోందో అప్పుడే తెలియాల్సింది.

ఎనిమిదిన్నరకి గుడికి చేరాం. మొత్తం పధ్నాలుగు మందిమి. పదకొండు మంది ఆడవాళ్ళం, ముగ్గురు మగవాళ్ళు. అందరం నలభై దాటాకే సరళీస్వరాలు పట్టినవాళ్ళం. నాకిప్పుడు యాభై రెండు. ఇదే విజయవాడలో బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ళకే నిండు కచేరీ చేశారని మా టీచరు గారు మొదటి రోజు క్లాసులోనే చెప్పారు. ప్రోత్సాహానికి చెప్పారో, హెచ్చరికగా చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మూడేళ్ళ చదువుకే పంచరత్నాలా అని సంగీతం తెలిసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోవాల్సిందే. గోష్ఠి కాబట్టి బండి నడుస్తోంది. నలుగురికి వచ్చిన పాటలో మిగతా పదిమందీ కలిసిపోతాం. వరాళిలో ఉన్నది మాత్రం టీచరు గారు మాకు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పలేదు. అలా నేర్పితే గురువుకీ శిష్యుడికీ చెడుతుందని పాత నమ్మకం కదా. రికార్డు చేసి ఫోన్లో పంపించి "విని నేర్చుకోండమ్మా" అన్నారు. వాట్సాప్‌కి ఆ దోషం అంటదట.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి రెండేళ్ళూ ఆరాధనలో నేను పాడలేదు. పెదవులు కదిపాను. సాహిత్యం నోటికొచ్చు, తాళం వేస్తాను, తల ఊపుతాను, అవసరమైనచోట కళ్ళు కూడా మూసుకుంటాను. చూసేవాళ్ళకి నేనే అందరికంటే లీనమైపోయి పాడుతున్నట్టు ఉంటుంది. కిందటేడు ఒకావిడ ప్రత్యేకంగా వచ్చి "మీరు ఎంత అనుభవించి పాడారండీ" అంది కూడా. సిగ్గేసింది. కానీ కాదనలేదు. ఈ వినాయక చవితి వెళ్ళాక క్లాసులో టీచరు గారు నా పక్కకి వచ్చి చెవి ఒగ్గి విన్నారు. ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఈసారి ఆరాధనలో మీరు నా పక్కన కూర్చోండి" అన్నారు. అంతే. అప్పటినుంచి రోజూ పొద్దున్నే అరగంట, పక్కింటివాళ్ళు తలుపు వేసుకునేదాకా సాధన చేశాను.

ఇవాళ మొదలవకముందే ఒక గొడవ. మృదంగం వాయించే కుర్రాడు ఇంజనీరింగు చదువుతున్నాడు, పాపం పరీక్షల మధ్యలో వచ్చాడు. మేము నాలుగు నెలలుగా అయిదున్నర శ్రుతిలో సాధన చేశాం. అతను తెచ్చింది అయిదు శ్రుతి మృదంగం, అంటే మా గొంతుల కంటే కాస్త కింద పలికేది. వీణ బిరడా తిప్పినట్టు మృదంగాన్ని తిప్పేస్తే సరిపోదు. అంచు మీద రాయితో కొడుతూ కాస్త బిగించవచ్చు, కానీ ఎంతో దూరం పోదు. ఎక్కువ కొడితే మూత పగులుతుందని అతని భయం. అందుకే వాళ్ళ దగ్గర తగ్గు శ్రుతికి ఒకటి, హెచ్చు శ్రుతికి ఒకటి ఉంటాయట. తమిళులు కూడా వాటిని తగ్గు, హెచ్చు అనే అంటారని ఆ కుర్రాడే చెప్పాడు. మన మాటలే! ఆ ముక్క విని మురిసిపోయాను కానీ, మురిపెంతో శ్రుతి కలవదు కదా. చివరికి మేమే అరశ్రుతి దిగాం. మగవాళ్ళు ముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మాకు మాత్రం పైన సుఖంగానే ఉంది కానీ కింద స్వరాలకి గొంతు అందదు, గాలి మాత్రమే వస్తుంది.

అప్పుడు, పాడేవాళ్ళు శ్రుతి జారకుండా వెనక మోగుతూ ఉండే తంబురా ప్రశ్న వచ్చింది. టీచరు గారి శ్రుతి పెట్టె అడాప్టరు ఇంట్లో మరిచిపోయారు. ఎవరి ఫోన్లో చార్జింగు నిండుగా ఉందంటే నేను చెయ్యెత్తాను. నాలుగు నెలల సాధన వల్ల తంబురా యాప్ నా ఫోన్లో ఎలాగూ ఉంది. ఫోను సైలెంటులో పెట్టి, తంబురా అయిదుకి మార్చి, మైకు పక్కన పెట్టాను. సైలెంటులో పెట్టాను, ఫ్లైట్ మోడులో కాదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఇవాళ పొద్దున తొమ్మిదీ పదికి నాకూ, గుడిలో ఉన్న వందమందికీ ఒకేసారి తెలిసింది.

మొదలుపెట్టే ముందు టీచరు గారు ఏటా చెప్పేదే చెప్పారు. త్యాగయ్య గారి సమాధి ఉన్న తిరువయ్యారులో ఒకప్పుడు ఆరాధనకి ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారు తన సొమ్మంతా పెట్టి ఆ సమాధి దగ్గర గుడి కట్టించి, ఆడవాళ్ళని కూడగట్టుకుని అక్కడే వేరుగా పాడించారు. "ఆవిడ పోట్లాడి సంపాదించిన చోటమ్మా ఇది. గొంతు దాచుకోకండి" అన్నారు. ఆ చివరి మాట నన్ను చూసి అన్నారు.

నాట బాగానే గడిచింది. మొదటి పాటలో అందరికీ టెన్షన్ ఉంటుంది కాబట్టి ఎవరి మతీ ఎటూ పోదు.

గౌళ సగంలో ఉండగా తంబురా ఆగిపోయింది. ఫోను మోగలేదు, సైలెంటులో ఉంది కదా. కానీ ఎవరో ఫోన్ చేస్తున్నారు, అందుకని యాప్ నోరు మూసుకుంది. మాలో ఎవ్వరికీ అది ఆగిన సంగతే తెలీలేదు, పాడుతూనే ఉన్నాం. వయొలిన్ ఆవిడ మాత్రం కనుబొమలు ఎగరేసి మమ్మల్ని చూస్తోంది. ఆవిడని పట్టుకుని నడిస్తే ఒడ్డున పడేవాళ్ళమే, కానీ మేం పధ్నాలుగు మందిమి, ఆవిడ ఒక్కర్తి. ముప్పావు నిమిషం తరవాత అవతలివాళ్ళు విసిగి పెట్టేశారు. తంబురా ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలైంది. అప్పుడు వినపడింది, మేము ఎంత కిందికి జారిపోయామో. నూతిలో చేద జారినట్టు జారాం. తంబురా ఒక ఊళ్ళో, మేము ఇంకో ఊళ్ళో. పధ్నాలుగు మందీ ఒక్కొక్కరుగా, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు పైకి ఎక్కి వచ్చారు. ఆ ఎక్కే చప్పుడు మైకులో స్పష్టంగా వినిపించింది.

ఆ ఫోను గ్యాస్ బండ అబ్బాయిది. ఇంటి తలుపు తాళం వేసి ఉందని చేశాడు.

పాట అవ్వగానే టీచరు గారు లేచి నా ఫోను తీసుకుని, ఫ్లైట్ మోడులో పెట్టి, వయొలిన్ ఆవిడ పక్కకి వెళ్ళి కూర్చున్నారు. ఇక శ్రుతి ఆవిడ ఒళ్ళోనే. మంచిదే. కానీ దాంతో ఏమైందంటే, మా ఇద్దరి మధ్యా ఉన్న మైకు నా ఒక్కదానిదైపోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. నేను నాలుగు నెలలుగా పాడుతున్నానని అనుకున్నది నిజానికి టీచరు గారి పెదవులు చూసి పాడటం. ఆవిడ నోరు తెరుచుకున్న అరక్షణానికి నా నోరు తెరుచుకుంటుంది. ఆ ఆసరా లేచి అవతలికి వెళ్ళిపోయింది.

తరవాతది ఆరభి.

తెలియనివాళ్ళ కోసం, అంటే రేపు ఇది చదివితే మా అమ్మాయి కోసం, ఆ కీర్తన సంగతి కాస్త చెప్పాలి. అందులో చరణాలు వరసగా ఉంటాయి. ప్రతిదానికీ ముందు స్వరం పాడాలి, వెంటనే అదే వరసలో సాహిత్యం, అది అయ్యాక అందరం కలిసి "సమయానికి తగు మాటలాడెనె" అనే లైనుకి తిరిగి రావాలి. స్వరం, సాహిత్యం, సమయానికి. మళ్ళీ స్వరం, సాహిత్యం, సమయానికి. చెప్పడానికి ఇంత తేలిక. కానీ నాలుగైదు చుట్లు తిరిగేసరికి బుర్ర గానుగెద్దు అవుతుంది. ఏ చుట్టులో ఉన్నామో, ఎక్కడ మలుపో గుర్తుండదు.

మొదటి మూడూ నిజంగా బాగా పాడాను. నా గొంతు మైకులోంచి బయటికి వెళ్ళి, స్తంభాలకి తగిలి నా దగ్గరికే తిరిగొస్తుంటే ఎంత ధైర్యం వచ్చిందో. రెండేళ్ళు దాచుకున్నదంతా ఇప్పుడే ఖర్చు పెట్టేయాలన్నట్టు గొంతెత్తాను. నాలుగోది కాస్త పొడుగు. స్వరం అయింది. అందరూ సాహిత్యం కోసం ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నారు. సరిగ్గా ఆ ఖాళీలో, మైకు నిండా, గుడి బయట చెప్పులు చూసుకునే అబ్బాయికి కూడా వినపడేలా, నేనొక్కదాన్నే అందుకున్నాను.

"సమయానికి తగు మాటలాడెనె!"

మిగతా పదమూడు మందీ సాహిత్యంలోకి వెళ్ళిపోయారు. నేను "తగు" దాకా వచ్చేసరికే తెలిసిపోయింది. కానీ అప్పటికే గొంతు వాలులో దొర్లుతున్న బండిలా ఉంది, ఆపలేకపోయాను. ఇన్ని మాటల్లో ఆ సమయానికి తగనిది అదొక్కటే, ఆ ఒక్కటే నా నోట్లోంచి రావాలా! మృదంగం కుర్రాడు నవ్వు ఆపుకోలేక ఎడమచేత్తో అవసరంలేని దెబ్బ ఒకటి వేశాడు. దాంతో ఎడమ మూతకి అంటించిన రవ్వ ముద్దలోంచి ఒక బెడ్డ ఊడి ఎగిరి, ముందు కూర్చున్న పిన్నిగారి పుస్తకం మీద పడింది. ముందు వరసలో ఒక పెద్దాయన మాత్రం "భేష్" అన్నారు. అదేదో కొత్త సంగతి అనుకున్నట్టున్నారు. ఆయనకి నూరేళ్ళు.

అక్కడినుంచి శ్రీరాగం చివరిదాకా ఏం పాడానో నాకు తెలీదు. పెదవులు కదిపానా అంటే, అదీ లేదు. పాడాను. కానీ మైకుకి కాస్త దూరంగా జరిగి.

ప్రసాదాల దగ్గర మొహం చాటేసుకుని పులిహోర వడ్డిస్తుంటే, పిన్నిగారు నా పక్కన చేరి విస్తరాకు సర్దుతూ మెల్లిగా చెప్పారు. నేను చేరకముందు ఏడు, ఆవిడ ఇదే గుడిలో పుస్తకం రెండు పేజీలు కలిపి తిప్పేసి, ఒక చరణం మొత్తం ఎగరగొట్టి ముందుకు వెళ్ళిపోయారట. ఒక్కరే కాదు, ఆవిడ నమ్మకంగా పాడటం చూసి మిగతా ఆడవాళ్ళు సగం మంది ఆవిడ వెనకే వెళ్ళిపోయారట. "నువ్వు నయం, ఒక్కదానివే మునిగావు. నేను ఊరందరినీ ముంచాను" అన్నారు. ఇంకొకాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారు, మైకు ఆన్‌లో ఉందని తెలియక పాటల మధ్యలో "మంచినీళ్ళు ఎక్కడ చచ్చాయి" అన్నారట. అది ఆ ఏడు వీడియోలో ఇంకా ఉందిట. వీళ్ళందరి ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఒక్కొక్కటి ఉన్నాయి, నాకు మాత్రం మొన్నటిదాకా లేదు. పెదవులు కదిపిన రెండేళ్ళూ నేను ఒక్క తప్పూ చేయలేదు మరి.

టీచరు గారు ఏమంటారోనని భయపడ్డాను. ఫోను నా చేతిలో పెట్టి, "వినపడ్డారు" అన్నారు. పులిహోర ఇంకాస్త వేయించుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి ఆ ముక్క మా కుటుంబం గ్రూపులో ఉంది. మా వారు తీసిందే, పెట్టింది కూడా ఆయనే. ముందూ వెనకా కత్తిరించి ఆ పది సెకన్లూ మాత్రం పెట్టారు. మా అమ్మాయి బెంగుళూరు నుంచి "అమ్మా, సోలో ఎప్పటినుంచి?" అని పెట్టింది. మా ఆడపడుచు నవ్వే బొమ్మలు ఎనిమిది పెట్టి, కింద "పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి వదినా" అని రాసింది.

అది మరవనిస్తారా వీళ్ళు. పెళ్ళిచూపుల్లో పాడమంటే, శ్రుతీ గట్రా ఏమీ లేకుండా, కంగారులో చాలా పైన మొదలుపెట్టాను. పల్లవి బాగానే గడిచింది. చరణంలో పాట ఇంకా పైకి వెళ్ళాలి, నేను వెళ్ళాల్సిన మెట్లన్నీ ముందే ఎక్కేసి కూర్చున్నాను. అక్కడ గొంతు చీలి కోడికూత లాంటిదొకటి వచ్చింది. మా నాన్న గభాలున "కాఫీ చల్లారిపోతుంది, తీసుకోండి" అన్నారు. సమయానికి తగిన మాట అంటే అదీ. టేపురికార్డరులో క్యాసెట్టు నలిగినట్టు అనిపించిందని మా వారు ఇరవై ఏడేళ్ళుగా చెబుతున్నారు. అయినా ఒప్పుకున్నారు కదా అంటే, "కాఫీ బాగుంది" అంటారు.

మధ్యాహ్నం పడుకుని లేచి గ్యాస్ అబ్బాయికి ఫోన్ చేశాను. బండ వెనక్కి తీసుకెళ్ళిపోయాడట, మళ్ళీ శుక్రవారమే ఈ వైపు వచ్చేది. చూద్దాంలే, రెండు రోజులు లాగుతుందనుకున్నాను.

లాగలేదు. ఇందాక మిరియాల పాలు పొంగు వచ్చీ రాకముందే మంట నీలంగా ఒకసారి ఎగిరి ఆరిపోయింది. నేను లైటరు పట్టుకుని నిలబడి ఉంటే, మా వారు వెనకనుంచి వచ్చి ఖాళీ బండని వంచి చూసి, దాని మీద చేత్తో దరువేస్తూ పాట ఎత్తుకున్నారు. ఏ లైనో చెప్పక్కర్లేదు. రాగం ఆరభి కాదు, అసలు ఏ రాగమూ కాదు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు.